ముక్కు కోసం సముద్రం మీద ఒక వారం

శనివారం పొద్దున ఏడున్నరకు సంగారెడ్డిలో నేను, నా భార్య అనసూయ నాంపల్లి పోవడానికి బస్సెక్కాం. రెండు సంచులు, ఒక టిఫిన్ క్యారియర్, ఒక నీళ్ల సీసా. పక్క సీటాయన ఎందాక అని అడిగితే కొచ్చి దాకా రైలు, అక్కడి నుంచి షిప్పు మీద లక్షదీవులకు అని చెప్పాను. ఆయన నా మొహం, మా సంచులు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా కిటికీ వైపు తిరిగాడు.

ఆయన తప్పేం లేదు. షిప్పు మీద షికారుకు పోయే మనుషులం కాము మేము. నేను పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. మందు తయారీలో వాడిన ద్రావకాలను మళ్లీ మరిగించి, శుభ్రం చేసి తిరిగి ఇచ్చే సెక్షన్ మాది. పన్నెండేళ్లుగా అదే పని. గేజీలు, మీటర్లు ఎన్ని ఉన్నా, ఎక్కడన్నా కారితే అక్కడ ముందు కనిపెట్టేది మనిషి ముక్కే. కొత్తగా చేరినవాడికి మేం నేర్పే మొదటి పని కూడా అదే. తలుపు దగ్గర ఆగు, వాసన చూడు, తర్వాత లోపలికి రా. ఎంతోమందికి నేనే నేర్పాను. నాకు వాసన రావడం మానేసిందని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.

ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను. మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు పిల్ల నెత్తి ముద్దు పెట్టుకుంటే ఏ వాసనా తెలియలేదు. సర్ది అనుకున్నాను. ఇప్పుడు పిల్లకు ఐదేళ్లు. ఒకరోజు పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే పాలు గిన్నెకు అంటుకుని మాడిపోయాయి. అనసూయ వాకిట్లో నుంచి పరుగెత్తుకొచ్చి గిన్నెను చూడలేదు, నన్ను చూసింది. ఆరోజు నుంచి ఇంట్లో ఇద్దరికి తెలుసు.

రెండు నెలల కింద అసలు సంగతి జరిగింది. నేను పంపు పక్కన కూర్చుని, కళ్లకు సేఫ్టీ అద్దాలు పెట్టుకుని లాగ్ షీటు రాస్తున్నాను. నాతో షిఫ్టు చేసే సత్తయ్య చాయ్ తాగి వచ్చాడు. వస్తూనే నన్ను దాటి ఉరికి వాల్వు మూసేశాడు. నాకు మూడడుగుల దూరంలో టోలీన్ అనే ద్రావకం కారి నేల మీద మడుగు కట్టి ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు, సెక్షనంతా పోయేది. సూపర్‌వైజర్ వచ్చి, ముక్కంటే సత్తయ్యదేనని భుజం తట్టి, నీకేమైంది నర్సింలూ అని నన్నడిగాడు. సర్ది అయిందన్నాను. సత్తయ్య మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. నా పరువు కాపాడుతున్నాడనుకుని, ఆ రోజు నుంచి అతని కళ్లలోకి చూడలేకపోయాను.

సంగారెడ్డిలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టర్ దగ్గరికి పోయాం. నరం పూర్తిగా పోయిందో, అలిసిపోయిందో ఇక్కడుంటే చెప్పలేనని, ఒక వారం ఫ్యాక్టరీ గాలికి దూరంగా ఉండి చూడమని, రవ్వంత వచ్చినా ఆశ ఉన్నట్టేనని ఆయన అన్నాడు. దూరమంటే ఎక్కడికి? అత్తగారి ఊరు హత్నూర దగ్గర. అక్కడా పొలాల పక్కన ఫ్యాక్టరీ లేచింది. మా ఊరు కొండాపూర్ వైపు. అక్కడికి పోతే వారం రోజులు చుట్టాలకు జవాబు చెప్పడమే సరిపోతుంది. మా ల్యాబులో పనిచేసే కురియన్ సారు మలయాళీ. ఊరికే చల్లగాలికి పోవాలని ఉందని చెప్తే, షిప్పెక్కు, సముద్రం మీద ఇంకే గాలీ ఉండదు అన్నాడు. ఐదు రోజుల ప్యాకేజీ, పగలు దీవులు చూపిస్తారు, తిండి, పడక షిప్పులోనే. కొచ్చిలో టికెట్లు ఆయన తమ్ముడే కొన్నాడు. అనసూయ కుట్టుమిషను కోసం వేసుకుంటున్న చిట్టి ఎత్తింది. వద్దని నేను గట్టిగా అనలేకపోయాను.

నా లెక్క సూటిగా ఉంది. ముక్కు వస్తే ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. రాకపోతే చెప్పి తీరాలి. చెబితే సెక్షన్ మారుస్తారు, అన్‌ఫిట్ అని రాశారంటే ఉద్యోగమే పోవచ్చు. అనసూయ లెక్క వేరు. వచ్చినా రాకపోయినా చెప్పాలన్నది ఆమె పట్టు. ఆ తగువు తెగకుండానే పిల్లలిద్దరినీ మా అక్క దగ్గర వదిలి బయలుదేరాం.

నాంపల్లిలో మధ్యాహ్నం పన్నెండింటికి బండి. స్లీపర్‌లో కింది బెర్తు, మధ్య బెర్తు దొరికాయి. క్యారియర్‌లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, పల్లీల పొడి. మా పనిలో గంటగంటకూ రీడింగులు చూసి లాగ్ షీటులో ఎక్కించాలి. ఆ అలవాటు చొప్పున ఈ ప్రయాణానికీ ఒక నోటుబుక్కు పెట్టాను. ఫోటో స్టూడియోలో ఖాళీ ఫిలిం డబ్బీలు అడిగి తెచ్చి, నాలుగింటిలో కాఫీపొడి, ఇంగువ, ఏలకులు, కర్పూరం నింపాం. నేను కళ్లు మూసుకుంటే అనసూయ ఒక్కొక్కటీ ముక్కు కింద పెడుతుంది. నేను పేరు చెప్పాలి. సాయంత్రం నాలుగింటి రీడింగు: కర్పూరం చల్లగా తగిలింది, మిగతావి సున్నా. అది వాసన కాదు, తాకిడి మాత్రమేనని డాక్టర్ ముందే చెప్పి ఉండటం వల్ల కర్పూరాన్నీ కొట్టేశాను.

ఎదురు బెర్తులో కేరళ నర్సు ఒకామె మమ్మల్ని చాలాసేపు చూసి, ఇదేం పూజ అని హిందీలో అడిగింది. అనసూయకు నవ్వాగలేదు. ముక్కు పూజ అని నేను చెప్పాను.

ఆదివారం రెండింటికి ఎర్నాకుళం. స్టేషన్ నుంచి ఆటోలో బోటు జెట్టీ దగ్గరికి పోయి లాడ్జి తీసుకున్నాం. డబుల్ రూముకు రెండు వందల యాభై, వేడినీళ్లు పొద్దున ఎనిమిది దాకానే. మీల్స్ హోటల్లో ఎర్రని ఉప్పుడు బియ్యం అన్నం పెట్టారు. అనసూయ నాలుగు ముద్దలు తిని, ఇది ఉడికిందా అని నన్నడిగింది. సాయంత్రం రీడింగు సున్నా. డాక్టర్ ఉప్పునీళ్లతో ముక్కు కడగమన్నాడు. ఉప్పు పొట్లం ఇంట్లోనే మరిచిపోయాం. సముద్రం పక్కన ఉండి కిరాణా దుకాణంలో ఉప్పు కొన్నాను.

సోమవారం పదింటికి రేవులో హాజరు. పోవాలనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి: దీవులకు పర్మిట్ కావాలి, దానికి మీ ఊరి పోలీస్ స్టేషన్ నుంచి మీ మీద కేసులేవీ లేవని కాగితం తేవాలి. ఆ కాగితం కోసం నేను మూడుసార్లు తిరిగాను. షిప్పుకెందుకు పోతున్నవని కానిస్టేబుల్ అడిగితే, చూడటానికి అన్నాను. ఏం చూడటానికి అన్నాడు. సముద్రం అంటే నమ్మి సంతకం పెట్టించాడు.

షిప్పు తెల్లది, నాలుగంతస్తుల బిల్డింగంత ఉంది. అంత ఇనుము నీళ్ల మీద నిలబడటం చూసి అనసూయ మెట్ల కింద ఒక్క క్షణం ఆగింది. మాది నలుగురి గది. పైన రెండు పడకలు మావి, కిందివి సూరత్ నుంచి వచ్చిన రమణీక్ భాయ్‌వి, ఆయన భార్యవి. ఆయనది చీరల వ్యాపారం. గదిలోకి అడుగుపెడుతూనే, క్యా బద్బూ హై అని ముక్కు మూసుకున్నాడు. డీజిలు, ఫినాయిలు, ఎవరో కక్కింది, మూడూ కలిసి వస్తున్నాయట. గుమాస్తాను పిలిచి దబాయించాడు, సెంటు కొట్టించాడు. నేను పైన పడుకుని ఆయన్ని చూసి కుళ్లుకున్నాను. ఒక మనిషి ఫినాయిలు వాసన చూడగలిగినందుకు ఇంకో మనిషి కుళ్లుకోవడం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

మూడింటికి షిప్పు కదిలింది. నగరం చిన్నదై, చేపల వలలు చిన్నవై, ఐదింటికి చుట్టూ నీళ్లే మిగిలాయి. ఆరింటికి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. అనసూయకు ఏమీ కాలేదు. నేను రెయిలింగు పట్టుకుని వంగి ఉంటే ఆమె పక్కనే కొంగు నడుముకు దోపి నిలబడి, ఎగిరే చేపలను లెక్కపెట్టింది. షిప్పు డాక్టర్ ఒక మాత్ర ఇచ్చి, దూరంగా నీళ్లు, ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపమన్నాడు. గంట కొట్టి అన్నానికి పిలిచినప్పుడు అనసూయ ఒక్కతే పోయి చపాతీ, గుడ్డు కూర తిని వచ్చి, ఏమేం పెట్టారో నాకు వరసగా చెప్పింది. నేను మళ్లీ రెయిలింగు దగ్గరికి పోయాను.

మంగళవారం పొద్దున ఏడింటికి కల్పేని దీవి. రేవు లోతు లేదు కాబట్టి షిప్పు దూరంగా ఆగుతుంది. పక్కన ఇనుప తలుపు తీస్తారు, కింద చిన్న పడవ అలల మీద మూడడుగులు లేస్తూ దిగుతూ ఉంటుంది. అది పైకి లేచినప్పుడు మనం అడుగు వేయాలి. ఇద్దరు పడవవాళ్లు రెండు రెక్కలూ పట్టుకుని లాగుతారు. చీర కట్టుకున్నవాళ్లకు కష్టం. రమణీక్ భాయ్ భార్య ఏడ్చింది. అనసూయ మాత్రం ఇంటి ముందు ఆటో ఎక్కినట్టు ఎక్కి కూర్చుని, నాకు చెయ్యి అందించింది. ఒడ్డు దగ్గరి నీళ్లు ఆకుపచ్చగా, మోకాలి లోతులో, కాళ్ల గోళ్లు కనబడేంత తేటగా ఉన్నాయి. మా పటాన్‌చెరు దిక్కు వాగుల రంగు చూసిన కళ్లకు ఆ నీళ్లు నిజమని నమ్మడం కష్టమైంది. కొబ్బరిబోండాలు, పగడపు రాళ్లు, అడుగున అద్దం ఉన్న పడవ, మధ్యాహ్నం చేపల కూర, సాయంత్రం పిల్లల కోలాటం. చీకటి పడకముందే మళ్లీ షిప్పు.

ఆ సాయంత్రం డెక్కు మీద రీడింగు తీస్తే నాలుగుకు నాలుగూ సరిగ్గా చెప్పాను. కాఫీ, ఇంగువ, ఏలకులు, కర్పూరం. కళ్లు తెరిచి అనసూయ చెయ్యి పట్టుకున్నాను. అందరి ముందూ చెయ్యి పట్టుకునే మనిషిని కాను. డబ్బులు లెక్కచేయకుండా రమణీక్ భాయ్ దంపతులకు కూడా చల్లని సోడాలు తాగించాను. ఎందుకో చెప్పలేదు. నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకుని పడుకున్నాను.

బుధవారం పొద్దున ఆరింటికి అనసూయ మళ్లీ డబ్బీలు తీసింది. ఆమె మొహం అప్పటికే ఒకలా ఉంది, నేను గమనించలేదు. కళ్లు మూసుకున్నాను. కాఫీ అన్నాను.

"కండ్లు తెరువు" అంది.

ఆమె చేతిలో ఐదో డబ్బీ. ఖాళీది. కడిగి ఎండబెట్టడంతో తెల్లగా మెరుస్తోంది.

"శనివారం సంది నేను ఒకటే వరసల పెడుతున్న" అంది. "ముందుగాల కాఫీ, వెనక ఇంగువ. నీకు వాసన రాలే. వరస యాదికొచ్చింది. నిన్న గంత సంబురపడ్డవని చెప్పబుద్ధి గాలే."

మా ఫ్యాక్టరీలో ఒక తప్పు ఉంది. ప్రతి ఆపరేటరూ ఎప్పుడో ఒకప్పుడు చేస్తాడు. లేచి గేజీ దగ్గరికి పోవడానికి బద్ధకమై, కిందటి గంట రీడింగునే ఈ గంట గళ్లో రాస్తాడు. ప్రెషర్ ఎంత ఉండాలో తెలుసు కదా, అంతే ఉంటుంది అనుకుంటాడు. అలా రాసిన జూనియర్లను నేను నిలబెట్టి తిట్టాను, ఒకడి షీటు చింపి మొహాన కొట్టాను. అదే తప్పు నా ముక్కుతో నేను చేశాను. ఆమె మీద కోపం వచ్చింది, అరిచాను కూడా. అది ఆమె మీది కోపం కాదని ఆమెకు తెలుసు. ఇగ రోజూ వరస మార్చి పెడత, ఖాళీది గూడ కలిపి పెడత, నువ్వు తెల్వకుంటే తెల్వదని చెప్పాలె అని, నా జవాబు కోసం చూడకుండా నోటుబుక్కు తీసి నిన్నటి పేజీని అడ్డంగా కొట్టేసింది.

ఆరోజు మినికాయ్. నాకు దిగబుద్ధి కాలేదు. చిట్టి పైసలతో వచ్చి పడకలో పండుకుంటవా అని అనసూయ లేపింది. దీవి పొడుగ్గా, సన్నగా ఉంది. లైట్‌హౌస్ మెట్లెక్కి చూస్తే రెండు పక్కలా సముద్రం కనబడింది. వీధులు ఊడ్చి ఇసుక పోసినట్టున్నాయి. పదకొండున్నరకు మమ్మల్ని ఒక ఇంటి వెనక్కి తీసుకుపోయారు. అక్కడ సూర చేపలను ఉడకబెట్టి, కొబ్బరిపీచు పొగ పట్టించి, చాపల మీద ఎండేస్తారు. అలా చేస్తే రాయిలాగా గట్టిపడి ఏళ్లు నిలుస్తాయట. ఒక పెద్దామె చెక్కముక్క లాంటి చేపను గీకి చూపిస్తోంది. రమణీక్ భాయ్ దంపతులు కక్కొచ్చేట్టుందని వీధి చివరికి పారిపోయారు. నేను ముందుకు వంగి చేప వైపు చూస్తున్నాను.

ఏదో తగిలింది. మొదట పొగ గొంతులో గీరుకున్నదనుకున్నాను. గీరుకున్నది కాదు. ముక్కు పైన, కనుబొమ్మల నడుమ, సన్నగా. మళ్లీ పీల్చాను, పోయింది. మళ్లీ పీల్చాను. మసి, దాని కింద ఉప్పు, ఉప్పు కింద చేప. ఐదేళ్లలో మొదటిసారి. పొద్దున జరిగింది గుర్తొచ్చి, ఇది చేప అని కళ్లకు తెలుసు కాబట్టి ముక్కు దొంగ రీడింగు రాసుకుంటున్నదేమోనని అనుమానం. అందుకని వెనక్కి తిరిగి కళ్లు మూసుకుని, అనసూయా, నన్ను ఇటూ అటూ తిప్పు, ఎటు నిలబెట్టినవో చెప్పకు అన్నాను. అంతమంది యాత్రికుల నడుమ ఆమె నా భుజాలు పట్టుకుని గుడ్డి ఆటలో లాగా గిరగిరా తిప్పింది, నాలుగడుగులు నడిపించి వదిలింది. నేను ముక్కుతో వెతుక్కుంటూ పోయి చాప అంచుకు తట్టుకుని ఆగాను. ఆ పెద్దామె పగలబడి నవ్వి ఒక ముక్క నా చేతిలో పెట్టింది. నేను ఏడుస్తున్నానని ఆమెకు అర్థమైనట్టు లేదు, ఇంకో ముక్క కూడా పెట్టింది.

సాయంత్రం ఐదింటి రీడింగు, వరస మార్చి, ఐదు డబ్బీలతో: ఇంగువ సరి, ఖాళీది సరి, ఏలకులు తప్పు, కాఫీకి తెల్వదు, కర్పూరం తాకిడి. అనసూయే రాసింది.

గురువారం కవరత్తి. మసీదు చెక్కడాలు, చేపల మ్యూజియం, తెల్లని ఒడ్డు. ఎండకు తాళలేక కొబ్బరాకుల పందిరి కింద కూర్చున్నాం. గాలి ఆమె వైపు నుంచి నా వైపుకు వీస్తోంది. కొబ్బరినూనె అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని చాలాసేపు నీళ్లనే చూస్తూ కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆ నూనె ఎక్కువ రాస్తున్నావని ఆమెను వెక్కిరించేవాడిని. ఎన్నేళ్ల నుంచి వెక్కిరించలేదో అప్పుడు లెక్క వేసుకున్నాను.

తర్వాత ఆమె మెల్లగా అడిగింది. "ఇగ కంపెనీల చెప్తవా?"

వచ్చింది కదా, ఇంకెందుకు చెప్పాలి అన్నాను. ముక్కు మళ్లీ పోదా అంది. పోతే మళ్లీ సెలవు పెట్టి సముద్రం మీదికి పోదాం అన్నాను, నవ్వించాలని. నవ్వలేదు. నీ ముక్కును నమ్ముకొని సత్తయ్య, ఇంకా పదిమంది అక్కడ నిలబడ్డరు, వాళ్లు కూడ సముద్రం మీదికి వస్తరా అని మాత్రం అంది. ఆ తర్వాత షిప్పులో అన్నం పెట్టినా, శుక్రవారం పొద్దున కొచ్చి రేవు కనబడినా నాతో మాట్లాడలేదు. నేనూ పట్టు వదల్లేదు. పన్నెండేళ్లు కష్టపడి సంపాదించిన సీనియారిటీని, వచ్చిన ముక్కును చేతిలో పెట్టుకుని, నా అంతట నేనే పోయి అప్పగించి రావాలా?

శుక్రవారం మధ్యాహ్నం ఎర్నాకుళంలో తిరుగు బండి. ఈ ప్రయాణం చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగినవి ఇవి. కాగితాలు రెండు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటిరోజు కడుపు ఖాళీగా ఉంచకండి, నిండుగానూ ఉంచకండి. ఆడవాళ్లు పంజాబీ డ్రెస్సు వేసుకుంటే పడవలో దిగడం సులువు, అయినా చీరతో మా ఆవిడే అందరికంటే ముందు దిగింది. పచ్చళ్లు తీసుకుపొండి, షిప్పు కూరల్లో కారం ఉండదు. నీళ్లను చూడటానికి ఐదు రోజులు ఎక్కువ అనిపిస్తుంది, మూడో రోజుకు అలా అనిపించదు. నా మట్టుకు ఇంకొకటి ఉంది. తిరుగు రైల్లో కమలాపండు తొక్క, తడిసిన గోనెసంచి, పాలక్కాడు దాటాక వాన పడ్డ మట్టి, చివరికి బోగీ మూలన ఉన్న మరుగుదొడ్డి, ప్రతిదీ నాకు చుట్టం ఇంటికొచ్చినట్టే వచ్చింది. ముక్కు మూసుకోకుండా ఆ మరుగుదొడ్డిలో నిలబడి సంతోషపడ్డ ప్రయాణికుడిని ఆ రైలు ఇంకొకడిని చూసి ఉండదు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నాంపల్లిలో దిగి, చాయ్ తాగి, సంగారెడ్డి బస్సెక్కాం. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన అనసూయ, నడుమ నేను. మూడు దాటుతుండగా పటాన్‌చెరులో బస్సు ఆగింది. పొద్దటి షిఫ్టు వాళ్లలో కంపెనీ బస్సు తప్పిపోయినవాళ్లు నలుగురైదుగురు ఎక్కారు. వాళ్లలో సత్తయ్య ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పుకుని వచ్చి, అన్నా, నల్లగైనవ్ అంటూ నా పక్కన కూర్చున్నాడు.

ఆ వాసన నన్ను వెనక్కి నెట్టింది. తియ్యగా, నూనెలాగా, కుళ్లిన పండ్ల మీద రంగుల డబ్బా ఒలికినట్టుగా, అతని చొక్కా నుంచి, జుట్టు నుంచి, చేతుల నుంచి. అతను స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చాడు, తల ఇంకా తడిగా ఉంది. అయినా. ముందు సీటులోని ఆమె పిల్లను ఒళ్లోకి లాక్కుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనకాయన కిటికీ పూర్తిగా జరిపాడు. అలవాటైన పనిలాగా చేశారు, సత్తయ్య వైపు చూడను కూడా లేదు. సత్తయ్యకు ఇవేవీ పట్టలేదు. షిప్పు ఎంత పెద్దది వదినే అని అనసూయను అడుగుతున్నాడు.

నేను అనసూయ వైపు వంగి మెల్లగా అడిగాను. "నేను గూడ గిట్లనేనా?"

మొన్నటి నుంచి మాట్లాడని మనిషి నా మొహంలోకి చూసింది. "ఇంకెట్లుంటవు?"

"ఎప్పటి సంది?"

"నువ్వు గా సెక్షన్ల చేరిన వారం సంది."

పన్నెండేళ్లు ఈ వాసన పక్కన అన్నం తిన్నది, పడుకున్నది, ఇద్దరు పిల్లలను కన్నది. ఒక్కసారి మొహం చిట్లించినట్టు నాకు గుర్తు లేదు. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. చెబితే నేను ఏం చేసేవాడిని? సిగ్గుతో నా చెవులు కాలాయి. బస్సు దిగి పరుగెత్తాలనిపించింది. దానికి బదులు సత్తయ్య వైపు తిరిగాను.

మాట వెతుక్కోలేదు. నాకు వాసన పోయి ఐదేళ్లయిందని, ఆరోజు టోలీన్ కారినప్పుడు సర్ది కాదని, మూడడుగుల దూరంలో కూర్చుని నాకేమీ తెలియలేదని, నువ్వు రాకపోతే ఇద్దరమూ, ఇంకా ఎంతమందో పోయేవాళ్లమని, షిప్పు ఎక్కింది అందుకేనని వరసగా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే పడాలనుకున్నాను.

సత్తయ్య తన రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు.

"నాకు ముక్కెక్కడిది అన్నా" అన్నాడు. "పోయి నాలుగేండ్లాయె. ఆ దినం నా కండ్లు మండినయి, అందుకే ఉరికిన. నువ్వు అద్దాలు పెట్టుకున్నవు, నీకు తెల్వలే. సీనియర్‌వు, నీ ముక్కు ఉన్నదన్న ధైర్యంతోని పని చేస్తున్న నేను."

ఇద్దరం పక్కపక్కన నిలబడి, ఒకరి ముక్కును ఒకరం నమ్ముకుని, రోజుకు ఎనిమిది గంటలు ఆ డ్రమ్ముల నడుమ తిరిగాం. రాత్రి షిఫ్టు శంకర్ సంగతేమిటని అడిగాను. వాడు వచ్చి ఎనిమిదేళ్లని, వాడిని కూడా ఎవరూ అడగలేదని అన్నాడు. ఇస్మాయిల్? తెలియదన్నాడు. సెక్షన్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అనుకుంటూ పోయాం. ఫలానావాడికి ముక్కు ఉందని ఇద్దరిలో ఎవరమూ గట్టిగా చెప్పలేకపోయాం.

అనసూయ నన్ను దాటి సత్తయ్య వైపు వంగి, సోమారం పొద్దుగాల జనరల్ షిఫ్టుకే పోండ్రి ఇద్దరు, మేనేజర్ కూసోంగనే చెప్పుండ్రి అంది. అన్‌ఫిట్ అని తీసేస్తే ఎట్ల వదినే అని సత్తయ్య అడిగాడు. ఆమె నా వైపు చూసింది. అది నేను చెప్పాల్సిన మాట అని నాకు అర్థమైంది.

"తీసేస్తే తియ్యనీ" అన్నాను. "లోపలికి ముందుగాల నేను పోత."

సత్తయ్య పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగాలి. ఆ స్టాపు వచ్చింది, కండక్టర్ రెండుసార్లు పిలిచాడు, అతను లేవలేదు. మేనేజర్ ముందు ఏ మాటతో మొదలుపెట్టాలి, మీటర్లు పెట్టించమని ఎలా అడగాలి, మిగతావాళ్లను ఎలా కూడగట్టాలి అని ముగ్గురం సంగారెడ్డి దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ముందు సీటామె కొంగు అప్పటికీ ముక్కు మీదనే ఉంది. నేను మాత్రం సత్తయ్యకు ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాను.